అనామతు ఖాతా

ఖాళీ బార్ పదిహేను కిలోలు.
దానికి అటూ ఇటూ ఎంత ఎక్కించామో
బాజీ సారు గోడ మీద సుద్దతో రాస్తాడు.
నా హాజరెంతో
అనసూయ మేడం నోటీసు బోర్డు కాగితం మీద ఎర్రసిరాతో రాస్తుంది.
ఈ నెల రెండు చోట్లా ఒకటే అంకె:
డెబ్బై రెండు.

స్నాచ్‌లో డెబ్బై ఐదు లేపితే యూనివర్సిటీ జట్టులో చోటు.
క్లాసులో డెబ్బై ఐదు లేకపోతే హాల్ టికెట్ లేదు.
మూడు కిలోలు, మూడు శాతం.
చిన్న అంకెలే.
ఎత్తి చూడండి.

తెల్లారి నాలుగున్నరకి
నాన్న మిర్చి యార్డుకి, నేను జిమ్ముకి, ఒకటే సైకిలు.
యార్డు గేటు దాకా నేనే తొక్కుతా.
"కాళ్ళు వేడెక్కుతాయిలే" అంటాడు వెనక కూచుని,
తన కాళ్ళ సంగతి చెప్పకుండా.
మొదట్లో నవ్వేవాడు,
అంత కష్టపడి ఎత్తి కింద పడేయటమేంటే, అని.
ఆయన మోసిన టిక్కీ లారీ ఎక్కి ఎటో పోద్ది,
నేనెత్తింది నా కాళ్ళ దగ్గరే పడుద్ది.
ఇప్పుడు నవ్వడు.
షెడ్డులో హమాలీలందరికీ చెప్తాడంట:
"మనం వీపు దాకానే.
మా సలోమి తలకి పైన ఎత్తుద్ది."

సెట్టుకీ సెట్టుకీ మధ్య మూడు నిమిషాలు.
భ్రమర పంపిన వాయిస్ నోట్ చెవిలో పెట్టుకుంటా.
వాళ్ళింట్లో కుక్కర్ విజిల్, వాళ్ళ తమ్ముడి పేచీ,
మధ్యమధ్యలో తరుగుదల.
స్థిర వాయిదాల పద్ధతిలో ఆస్తి ఏటా సమానంగా అరుగుద్ది.
తగ్గుతున్న నిల్వల పద్ధతిలో
మొదట ఎక్కువ, పోనుపోను తక్కువ.
మోకాలి పట్టీ బిగించుకుంటూ వింటా.
నా మోకాలు ఏ పద్ధతిలో అరుగుతోందో
భ్రమర చెప్పలేదు.

కాలేజీల పోటీ, ఇంటర్నల్ పరీక్ష
ఒకటే రోజు పడ్డాయి.
ఎవరూ కావాలని పెట్టలేదు.
ఎవరూ చూసుకోలేదు, అంతే.
ఏడింటికి తూకం. నూట యాభై గ్రాములు ఎక్కువున్నా.
స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని
ఆ ఉక్కలో స్టేడియం చుట్టూ పరిగెత్తా.
కప్పులో ఉమ్మి ఉమ్మి నోరెండిపోయింది.
మూడో ప్రయత్నంలో డెబ్బై ఐదు
తల మీదకి వచ్చింది.
వచ్చింది, నిజంగానే.
కుడి మోచెయ్యి కొంచెం వంగింది.
రెండు ఎర్ర దీపాలు, ఒక తెల్లది.
ఆ తెల్లది వెలిగించినాయన ఎవరో
ఇప్పటికీ తెలీదు.

రెండింటికి పరీక్ష హాల్లో ఉన్నా.
ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో సుద్ద.
పేరు రాయకముందే
జవాబు పత్రం మీద నా వేలిముద్రలు.
ట్రయల్ బ్యాలెన్స్ వేశా.
డెబిట్ ఈ చేతిలో, క్రెడిట్ ఆ చేతిలో,
రెండూ ఒకేసారి పైకి రావాలి.
రాలేదు.
మూడు వందలు తక్కువ.
మళ్ళీ కూడా. మళ్ళీ మూడు వందలే.
మూడు నా మీద పగబట్టింది.

మేడం నా వెనకాల ఆగింది.
పుస్తకం తీసి ఎవరికో అందిస్తున్నట్టు వంగి
"తేడా దొరకనప్పుడు ఏం చేస్తాం, సలోమీ?"
సాయమో, దెప్పటమో.
"అనామతు ఖాతాలో రాస్తాం మేడం."
"రాసి?"
"తప్పు దొరికేదాకా ఆ ఖాతా మూయం."
ఏమీ అనకుండా ముందు బెంచీ వైపు వెళ్ళిపోయింది.

సాయంత్రం నాన్న చొక్కా విప్పి దండెం మీద వేస్తుంటే
మిరప ఘాటుకి ఇద్దరం తుమ్మాం.
"ఏమైందే?"
"ఏది?"
"ఏదైనా."
చెప్పా. రెండూ చెప్పా.
కాసేపు చేతులు చూసుకున్నాడు.
"మోచెయ్యి నొప్పిగా ఉందా?" అన్నాడు.
దాని గురించి అడిగినవాళ్ళు ఇంకెవరూ లేరు.

రాత్రి నోట్సు చివరి పేజీలో రాశా:
డెబ్బై రెండు. డెబ్బై రెండు.
తేడా మూడు, తేడా మూడు. అనామతు.
లెక్క ముగిసిందంటే కింద రెండు గీతలు కొడతారు.
నేను కొట్టలేదు.

బయట నాన్న సైకిలు తిప్పి చూస్తున్నాడు,
వెనక టైరులో గాలి నిలవట్లేదంట.
అలారం నాలుగుకి మార్చా.